శరత్‌బాబు ఏ ఊరివాడు?

శరత్‌బాబు తెలుగువాడు కాడని విని నొచ్చుకొన్న పెద్దమనిషి నొకరిని నే నెరుగుదును. తెనాలి ప్రాంతపు రైతు. కోతలు, నూర్పిళ్ళు లేని నెలలలో గ్రామ గ్రంథాలయములోని నవలలన్నియు చదివి ముగించినవారు. 'దేవదాసు' ఆయనకు దాదాపు కంఠస్థము. ఆ నవల వ్రాసిన చటర్జీగారు 1876లో హుగ్లీ జిల్లా దేవానందపురములో పుట్టినారని, వారికి తెలుగు ఒక్క ముక్కయు రాదని నేను చెప్పగా ఆయన కొంతసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, "అయితే బాబూ, ఇన్నేళ్ళూ నేను చదివింది ఎవరి తెలుగు?" అని అడిగినారు.

ఈ ప్రసంగమునకు ఆ ప్రశ్నయే మూలము.

శరత్‌బాబును తెనాలివారికి సొంతమనిషిని చేసిన వారిలో ముందుగా చెప్పవలసినవారు 1908లో తెనాలి ఐతానగరములో పుట్టిన ఆలూరి వెంకట సుబ్బారావుగారు. ఆ పేరు చెప్పినచో నేటికిని పలువురికి తెలియదు. చక్రపాణి అన్నచో తెలియును. హిందీ పండితులు వ్రజనందనశర్మగారు ఆయనకు పెట్టిన కలము పేరది. 1932 ప్రాంతమున ఆయనకు క్షయ సోకినది. ఆ వ్యాధికి అప్పటికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనుటకు ఇంకను పది పన్నెండేండ్లు పట్టినది. మంచి గాలి, పుష్టికరమైన తిండి, కదలక మెదలక పడియుండుట, ఇదియే వైద్యము. మదనపల్లె ఆరోగ్యవరములో అట్లు మంచము పట్టియున్న దినములలో, తోడి రోగియైన ఒక వంగీయుని వద్ద ఆయన బెంగాలీ నేర్చినారు. వ్యాధి నయమై తిరిగివచ్చి ఆ భాషలోని నవలలను తెలుగు చేయ నారంభించినారు.

ఆయన చేసినది మాటకు మాట పెట్టుట కాదు. బెంగాలీకిని తెలుగునకును సంస్కృతపదములు ఉమ్మడి సొత్తు. అనువాదకునకు అది సౌకర్యమని మన మనుకొందుము గాని, నిజమునకు అది పెద్ద గోతి. బెంగాలీలో 'రాగ్' అనగా కోపము. మనకు రాగము అనురాగమైనను కావచ్చును, సంగీతమైనను కావచ్చును. వారి 'శిక్షా' చదువు. మన శిక్ష దండన. వారి 'అవకాశ్' తీరిక. మన అవకాశము వేరు. వారి 'ఉపన్యాస్' నవల. మన ఉపన్యాసము, ఇప్పుడు మీరు సహించుచున్నది. అన్నిటికంటె చిక్కుమాట 'అభిమాన్'. ప్రేమించిన మనిషి మీద, ప్రేమ గలదు గనుకనే, మనసు కష్టపెట్టుకొని ముఖము త్రిప్పుకొనుట దాని అర్థము. శరత్ నవలలలో కథ నడచుట సగము ఈ భావము మీదనే. దానిని 'అభిమానము' అని వ్రాసినచో కథ తలక్రిందులగును. తెలుగింటి ఆడువారి నోట 'అలక' అను మాట విని, దానిని తెచ్చి అచ్చట పెట్టగలవాడే అనువాదకుడు. ఆ అలకను మన రైతు చదివినాడు. తన ఇంటిలో చూచినదే గదా అనుకొన్నాడు. పార్వతి పొరుగింటి పిల్ల అయినది.

చక్రపాణిగా రొక్కరే కారు. విజయవాడలో బొందలపాటి శివరామకృష్ణగారు దేశి కవితా మండలిని నడిపి, శకుంతలాదేవిగారితో కలసి శరత్ సాహిత్యమును సంపుటముల వరుసగా తెలుగువారి ముందుంచినారు. మద్దిపట్ల సూరిగారు బెంగాలీ నుండి ఎన్నో నవలలు తెచ్చినారు. మణిలాల్ బెనర్జీ 'స్వయంసిద్ధ'కు వారు చేసిన తెలుగే 1955లో వచ్చిన 'అర్ధాంగి' చిత్రమునకు ఆధారము. ఆ చిత్రము చూచిన వేలమందిలో సావిత్రిని, నాగేశ్వరరావును ఎరుగనివారు లేరు. సూరిగారిని ఎరిగినవా రెందరు?

ఇట్టి మరపు మన సాహిత్యములో మొదటినుండి ఉన్నది కాదు. చిత్రమేమనగా, పూర్వము వ్యవహారము దీనికి పూర్తిగా విరుద్ధము. శ్రీహర్షుని నైషధమును శ్రీనాథుడు తెనిగించినాడు. తెలుగువానికి అది శ్రీనాథుని నైషధము. భాగవతము పోతనది. దండి కథను తెలుగు చేసిన కేతనకు 'అభినవదండి' అని బిరుదము. మూలకర్తకు నమస్కారము, అనువాదకునకు సింహాసనము! ఆ కవులు పేరును అట్టమీద వ్రాసి ఊరకుండలేదు. ప్రతి ఆశ్వాసము చివరను గద్యలో తన పేరు, తండ్రి పేరు కావ్యశరీరములోనే కలిపి వ్రాసినారు. తాటాకు కట్టలో మొదటి ఆకు పోయినను కర్త పేరు పోదు. పోతన భాగవతములో పంచమస్కంధము బొప్పరాజు గంగనది, షష్ఠము ఏర్చూరి సింగనది, ఏకాదశ ద్వాదశములు వెలిగందల నారయవి. లోకము మొత్తమును పోతన పేరిటనే పిలిచినను, ఆ మువ్వురి పేర్లు నేటికిని మనకు తెలియుచున్నవన్నచో అది ఆ స్కంధాంత గద్యల చలువ. అచ్చుపుస్తకము వచ్చినది, పేరు మొదటి పుటలోనికి పోయినది. మొదటి పుట చినుగుట ఎంతసేపు?

కృష్ణా గోదావరి కాలువలు కలియు ఏలూరులో కావలివారి కుటుంబ మొకటి యుండెడిది. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు. బొర్రయ్య 1776లో పుట్టి ఇరువది యేడేండ్లకే, 1803లో, మరణించినాడు. కాలిన్ మెకంజీ అను కుంపిణీ సేనాధికారి దక్షిణదేశపు శాసనములను, కైఫీయతులను సేకరించినాడని బళ్ళలో చదువుకొందుము. శాసనము చదివినదెవరు? పల్లెకు పోయి కరణమును ఒప్పించి కవిలెకట్ట విప్పించినదెవరు? దానిని ఇంగ్లీషు చేసినదెవరు? చాలవరకు ఈ సోదరులును, వారు తర్ఫీదిచ్చినవారును. మెకంజీ మాత్రము కృతఘ్నుడు కాడు. 'ఏషియాటిక్ రిసర్చెస్' తొమ్మిదవ సంపుటములో అచ్చయిన జైనుల వృత్తాంతమునకు అనువాదకుడు కావలి బొర్రయ్య అని పేరు పెట్టియే వేయించినాడు. 1816లో థామస్ హికీ వ్రాసిన తన చిత్రపటములో పండితులను ప్రక్కన నిలుపుకొన్నాడు.

మెకంజీ 1821లో పోయిన తరువాత కథ మారినది. 1828లో కలకత్తాలో విల్సన్ ఆ సంగ్రహమునకు వివరణాత్మకమైన పట్టిక ప్రకటించినాడు. విల్సన్ గొప్ప సంస్కృత విద్వాంసుడు. కాని తెలుగు, తమిళ, కన్నడములు ఆయనకు రావు. దేశీయ సహాయకులు ఇంగ్లీషులో వ్రాసియిచ్చిన సంక్షేపములే ఆయనకు కన్నులు. అట్ట మీద పేరు విల్సన్‌ది. మెకంజీ వదలిన పనిని కొనసాగింతునని లక్ష్మయ్య 1830ల నాటి అర్జీలో కోరగా, ఆ కార్యమునకు అతని యోగ్యత చాలదని జేమ్స్ ప్రిన్సెప్ అభిప్రాయము చెప్పినాడు. పని విలియం టైలర్ అను మతాచార్యునకు పోయినది. ముప్పదియేండ్లకు పైగా ఆ పనిలోనే తల నెరసినవానికి యోగ్యత చాలలేదు! ఇది చౌర్యమా అని అడిగినచో న్యాయవాది కాదనును. నేనును ఆ మాట వాడను. కాని పేరు లేకుండ చేసిన పని ఎవరి చేతిలోనికైన పోవుటకు ఎంత తేలికయో దీనిని బట్టి తెలియును.

అప్పుచేయుట వేరు, అపహరించుట వేరు అని కూడ ఇక్కడ చెప్పవలెను. కందుకూరి వీరేశలింగంగారు గోల్డ్‌స్మిత్ నవలను తెలిగింప మొదలిడి, అది నచ్చక మాని, స్వతంత్రముగ 'రాజశేఖర చరిత్రము' వ్రాసితినని తామే చెప్పుకొన్నారు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు దానిపై 'వివేకచంద్రికా విమర్శనము' వ్రాసి గట్టిగా నిలదీసినారు. వాదము బహిరంగముగ జరిగినది. చదువరి ఇరుపక్షములు విని తీర్పు చెప్పుకొనవచ్చును. మూలము పేరు చెప్పినవానితో వాదింపవచ్చును; పేరే చెప్పనివానితో వాదమెట్లు?

ఇక ఇరువదవ శతాబ్దపు విజయవాడకు వత్తము. ఏలూరు రోడ్డు, గవర్నరుపేట ప్రాంతములు పుస్తక వ్యాపారమునకు పుట్టినిండ్లయిన కాలమది. రామమోహన గ్రంథాలయములో 1914 ఏప్రిల్ 10న గ్రంథాలయ సేవకుల తొలి మహాసభ జరిగినది మొదలు, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి కృషి చేత పల్లెపల్లెకు పఠనాలయములు లేచినవి. చదువరులు పెరిగిరి. పుస్తకములు చాలలేదు. బెంగాలీ నవల ఆ కొరత తీర్చినది. దీనికి చట్టము కూడ తలుపు తెరచియుంచినది. ఈ సంగతి మనవారు అంతగా గమనింపరు.

1914 నాటి భారత కాపీరైటు చట్టము ప్రకారము, ఈ దేశములో మొదట ప్రచురితమైన గ్రంథమును అనువదించు హక్కు గ్రంథకర్తకు ప్రత్యేకముగ ఉండునది పదియేండ్లు మాత్రమే. ఆ గడువులోగా ఆయన ఏ భాషలో అనువాదము వేయించడో, ఆ భాషలో పిదప ఎవరైనను అనువదింపవచ్చును. 'దేవదాసు' బెంగాలీలో పుస్తకముగ 1917లో వచ్చినది. 1930ల నాటికి తెలుగు రచయిత ఎవరి అనుమతియు లేకుండ, చట్టము తప్పకుండ, దానిని తెలుగు చేయవచ్చును. మంచిదే. ఆ వెసులుబాటు లేకున్న మన పల్లె గ్రంథాలయములు సగము ఖాళీగ నుండెడివి.

కాని అక్కడ ఒక భ్రమ పుట్టినది. శరత్ అందరి సొత్తు గనుక శరత్ తెలుగు కూడ అందరి సొత్తే అను భ్రమ. చట్టము ఏనాడును ఆ మాట చెప్పలేదు. అనువాదము వేరొక రచన. దాని కర్త అనువాదకుడు. 1886 నాటి బెర్న్ ఒడంబడిక మొదలు, మన దేశములో 1958 జనవరి 21న అమలునకు వచ్చిన 1957 చట్టము వరకు ఈ విషయములో సందిగ్ధము లేదు. పైగా ఆ చట్టపు 57వ సెక్షను ప్రకారము, హక్కులన్నియు అమ్ముకొన్నవాడు కూడ 'ఇది నా రచన' అని చెప్పుకొను హక్కును పోగొట్టుకొనడు. లెక్క వేసి చూడుడు. శరత్‌బాబు 1938 జనవరి 16న పోయినారు; ఏబది యేండ్ల గడువు 1988తో ముగిసి వారి బెంగాలీ లోకమున కందరికిని దక్కినది. రవీంద్రుని హక్కులు 1991తో ముగియనుండగా గడువును అరువదియేండ్లకు పెంచిన సవరణ వచ్చినది. చక్రపాణిగారు పోయినది 1975లో. కనుక వారి తెలుగు మీద హక్కు 2035 కడవరకు నిలిచియున్నది. మూలమునకు యజమాని లేడు, అనువాదమునకు గలడు. ఇది వినుటకు వింతగా నున్నను అక్షరాల నిజము.

ఆచరణలో జరుగున దేమి? అనువాదకుడు ఒక్కసారిగ కొంత సొమ్ము తీసికొని వ్రాతప్రతి ఇచ్చివేయును. రశీదు ఉండునేమో గాని ఒప్పందపత్రము ఉండుట అరుదు. రెండవ ముద్రణలో పేరు చిన్నదగును. మూడవదానిలో లోపలి పుటకు జారును. ఏలూరు రోడ్డు పాతపుస్తకముల దుకాణములలో నేను తిరగవేసిన ప్రతులలో మూలకర్త పేరు తాటికాయంత అక్షరములతో నుండి, అనువాదకుని పేరు ఎచ్చటను లేనివి కొన్ని చూచినాను. మాస్కో నుండి వచ్చిన పుస్తకములు ఈ విషయములో మెరుగు. ఉప్పల లక్ష్మణరావుగారి వంటివారి పేర్లు అందులో స్పష్టముగ నుండెడివి. 1991 తరువాత ఆ ప్రచురణాలయముల అండ పోయి, ఆ అనువాదములు కొన్ని మరల మరల అచ్చగుచుండగా ఆ పేర్ల గతి ఏమగుచున్నదో గ్రంథాలయాధికారులు కనిపెట్టి యుండవలెను.

పేరు లేకపోవుటలోను రకములు గలవు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980 వరకు 'చందమామ'లో పనిచేసినారు. అందులో వారు వ్రాసినవి, తిరుగవ్రాసినవి పేరు లేకుండనే వెలువడినవి. దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్ నవలలును అంతే. అది ఆ పత్రిక పాటించిన పద్ధతి, తెలిసి ఒప్పుకొన్నది. తెలిసి దాచుకొన్న పేరు వేరు. ఒకరు చెరిపిన పేరు వేరు.

అటులనే, పేరున్నవాని పేరు ఎవరును చెరుపలేరు. చలంగారి 'గీతాంజలి' అనువాదమును కొనువాడు ఠాకూరు కొరకు ఎంత కొనునో చలము కొరకు నంత కొనును. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరములో ప్రసంగించినప్పుడు వేదిక మీద నిలిచి ఆ మాటలను తెలుగు చేసినవారు చిలకమర్తివారు. అదే సందర్భమున వారు ఆశువుగ చెప్పిన పద్యము నేటికిని బడిపిల్లలకు తెలియును. పాల్‌గారి ప్రసంగము ఎవరికి జ్ఞాపకము? దుబాసీ వక్తను మించిన సందర్భ మది. అందరును చిలకమర్తులు కారు గదా.

ఇక నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది.

కొన్నేండ్ల క్రిందట, వేరొక ఊరిలో ఉద్యోగము చేయుచున్నప్పుడు, బెంగాలీ నవల నొకదానిని వారము వారము చదివించు కార్యక్రమము నాకు అప్పగింపబడినది. మూలకర్త పోయి చాలకాలమైనది. ఒక రచయిత తన అనువాదమని వ్రాతప్రతి తెచ్చియిచ్చినారు. తెలుగు హాయిగా నున్నది. నేను మారు మాటాడక తీసికొన్నాను. నాలుగు వారములు ప్రసారమైన పిమ్మట దివిసీమ నుండి ఒక వృద్ధురాలి కార్డు వచ్చినది. "మా నాన్నగారి పుస్తకము మీరు చదివించుచున్నందుకు సంతోషము. వారి పేరు చెప్పుట మరచినట్లున్నారు" అని మాత్రమే. నింద లేదు. నిందించినను అంత బాధ కలుగకపోవును.

ఆమెకు ఉత్తరము వ్రాసి పుస్తకము తెప్పించుకొంటిని. మొదటి పుట లేదు! రెండు ప్రతులు ప్రక్కప్రక్కన పెట్టుకొని రాత్రి కూర్చుంటిని. మాటలు అక్కడక్కడ మారినవి. 'పిదప' తీసి 'తరువాత' పెట్టినారు. అంతమాత్రము సామ్యము ఇద్దరు నిజమైన అనువాదకుల మధ్య కూడ నుండవచ్చునని సందేహించితిని. దొంగను పట్టి యిచ్చునది ఒప్పులు కావు, తప్పులు. తొమ్మిదవ ప్రకరణములో నాయిక మధ్యాహ్నపు తీరికలో కిటికీ వద్ద కూర్చున్న ఘట్టమున్నది. పాత పుస్తకములో ఆ పెద్దాయన ఏమరి 'మధ్యాహ్నపు అవకాశములో' అని వ్రాసినారు. కొత్త ప్రతిలోను అవకాశమే. బెంగాలీ వచ్చినవాడు ఇంకొకడు మరల అదేచోట ఏమరవచ్చును, సరే. మరి పదునాలుగవ ప్రకరణములో, రెండు వాక్యములు ఒకే మాటతో మొదలగుటచే అక్షరములు కూర్చువాని కన్ను ఒకదాని నుండి రెండవదానికి దూకి, నడుమ ఒక ప్రశ్న జారిపోయినది. జవాబు మాత్రము మిగిలినది. మూలము తెప్పించి చూచితిని. ప్రశ్న అందులో నున్నది. కొత్త ప్రతిలో లేదు. ప్రశ్న లేని జవాబును ఆయన యథాతథముగ దింపుకొన్నారు.

అడుగగా ఆయన తడబడలేదు. "మూలము అందరిదీ అయినప్పుడు ఇందులో ఎవరి సొమ్మండీ నేను తిన్నది?" అన్నారు. ఆయన నిజముగనే అట్లు నమ్మినట్లు నాకు తోచినది. అందుకే ఆయన మీద కోపము వచ్చుటకు మారుగ నా మీద నాకు వచ్చినది. ఆ నవలకు పూర్వము తెలుగు ఉన్నదా అని విచారించుట నా పని. ప్రకటనలో మూలకర్త పేరును మూడుమార్లు చెప్పించిన నాకు అనువాదకుని గురించి ఒక్క ప్రశ్న తట్టలేదు.

ఆ పెద్దాయన పేరు రుజువైనది కూడ విచిత్రముగనే. మొదటి పుట పోయిన పుస్తకము ఎవరి మాటకును సాక్ష్యము కాదు. ఆమె ఊరి గ్రంథాలయములో పాత దాఖలా రిజిస్టరు ఒకటి చెదలకు మిగిలినది. పుస్తకము చేరిన నాడే అప్పటి లైబ్రేరియను ఎవరో వరుస సంఖ్య, పుస్తకము పేరు, మూలకర్త, ఆ ప్రక్కన అనువాదకుడు అని గడి గీసి నిండుపేరు వ్రాసియుంచినారు. ఆ గడి చాలమంది గీయరు.

1976లో నైరోబీలో యునెస్కో చేసిన సిఫారసులో, అనువాదకుని పేరు ప్రతి ప్రతి మీదను, ప్రకటనలలోను ప్రముఖముగ నుండవలెనని వ్రాసినారు. సాహిత్య అకాడెమీ 1954లో పుట్టినది; అనువాదమునకు ప్రత్యేక బహుమతి పెట్టుటకు 1989 వరకు పట్టినది. ఇవి పెద్ద సంగతులు. మాకు చేతనైనది చిన్నది. మిగిలిన వారములలో పఠనమునకు ముందు, వెనుక ఆ పేరు చదివించితిమి. ఇంటిపేరుతో కలిపి చదువుటకు నాలుగు సెకండ్లు పట్టినది.

కార్యక్రమము ముగిసిన పిమ్మట దివిసీమ నుండి రెండవ కార్డు వచ్చినది. ఇంటిల్లిపాదియు కూర్చుండి వింటిమని, మనుమలు కూడ విన్నారని వ్రాసి, చివర ఒక వాక్యము చేర్చినారు: "ఇంటిపేరులో రెండవ అక్షరమునకు దీర్ఘము లేదు. వచ్చేసారి సరిగా చదివించగలరు."